తేట నీరు వేరు, మంచినీరు వేరు

ఇవాళ్టి విషయం గింజలతో నీటిని తేర్చడం. ముఖ్యంగా చిల్లగింజ, మునగ గింజ, ఈ రెండింటి గురించే మాట్లాడతాను. వీటి మీద రెండు రకాల మాటలు తరచూ వినబడుతుంటాయి. మన పెద్దలు కనిపెట్టిన గింజ ఉండగా పటికా బ్లీచింగ్ పౌడరూ దేనికన్నది ఒకటి. ఇదంతా పాతకాలపు నమ్మకం, ఈ రోజుల్లో పనికిరాదన్నది రెండోది. రెండూ తొందరపాటు మాటలే. నేను నిరూపించదలచింది ఒక్క విషయం. గింజ నీటిని తేరుస్తుంది, ఆ పనిలో దాని సామర్థ్యాన్ని శంకించనక్కరలేదు. రోగక్రిములను చంపే బాధ్యతను మాత్రం దాని మీద పెట్టకూడదు. అయితే నీరు తేరకపోతే క్లోరిన్ కూడా సరిగా పనిచేయదు కాబట్టి, నల్లా చేరని ఊళ్లలో, వరదకు నల్లా తెగిన ఊళ్లలో, గింజకు ఇంకా చేయాల్సిన పని మిగిలే ఉంది.

ముందు చిల్లగింజ సంగతి. దీన్నే ఇండుప గింజ అని కూడా అంటారు. సంస్కృతంలో కతకం, హిందీలో నిర్మలి, వృక్షశాస్త్రంలో స్ట్రిక్నోస్ పొటాటోరం. వానాకాలంలో ఏరు ఎర్రగా పారేటప్పుడు కడవతో తెచ్చిన నీళ్లు నోట పెట్టుకునేలా ఉండవు. అప్పుడు గింజను తడి రాతి మీద గంధం తీసినట్టు అరగదీసి, ఆ గంధాన్ని నీళ్లలో కలిపి, బాగా తిప్పి వదిలేసేవారు. కడవ లోపలి గోడకే గింజను రుద్ది నీళ్లు పోయడం ఇంకో పద్ధతి. కొన్ని గంటలకు మడ్డి అడుగున పేరుకుని పైన తేట నిలిచేది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 45వ అధ్యాయంలో కలక నీటిని తేర్చే సాధనాలు ఏడు చెప్పారు. వాటిలో మొదటిది కతకం. గోమేధికం, తామర దుంప, నాచు, గుడ్డ, ముత్యం, మణి తక్కినవి. గ్రంథంలో ఉంది కదా అని ఏడింటినీ ఒప్పుకోవాల్సిన పనిలేదు. కతకం పరీక్షకు నిలిచింది, గుడ్డతో వడకట్టడం నిలిచింది, ముత్యం సంగతి వేరు. కానీ ఈ జాబితాను గర్వంగా చెప్పుకునేవాళ్లు అదే అధ్యాయంలోని మరో మాటను వదిలేస్తుంటారు. చెడిపోయిన నీటికి సుశ్రుతుడు చెప్పిన చికిత్స వేరు: నిప్పు మీద కాచడం, ఎండలో కాగనివ్వడం, కాల్చిన ఇనుప గుండును ముంచడం. కలక నీటికి ఒక మందు, చెడిన నీటికి ఇంకో మందు అని ఆ పాత వైద్యుడు స్పష్టంగా విడదీశాడు. రెంటినీ కలిపేసి, తేరిన నీరే శుద్ధమైన నీరు అనుకోవడం తర్వాతి వాళ్లం చేసిన పని. సంప్రదాయం పేరుతో గింజకు లేని గుణాన్ని అంటగట్టేవాళ్లకు ఆ సంప్రదాయమే అడ్డు చెబుతోంది.

గింజ ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే దాని హద్దులు కూడా అక్కడే తెలుస్తాయి. వరద నీటిలో కనబడే ఎరుపు ఇసుకది కాదు. ఇసుక దానంతటదే దిగిపోతుంది. రోజుల తరబడి దిగనిది సన్న బంకమట్టి. ఆ రేణువులన్నిటి మీదా రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి కాబట్టి ముద్దకట్టవు, ముద్దకట్టవు కాబట్టి బరువెక్కవు, అడుగుకు చేరవు. మునగ పప్పులో నీటిలో కరిగే ఒక చిన్న ప్రోటీన్ ఉంది. అది ధనావేశం గలది. 1995లో జర్మన్ పరిశోధకులు దాన్ని విడిగా తీసి చూపించారు. అణుభారం సుమారు 6,500 డాల్టన్లు, ఆవేశం సమం కావాలంటే పీహెచ్ 10 దాటాలి. అంటే మనం తాగే నీటి పీహెచ్ దగ్గర అది ఎప్పుడూ ధనావేశంతోనే ఉంటుంది. మట్టి రేణువును అంటుకుని దాని ఆవేశాన్ని చల్లార్చుతుంది, పక్క రేణువును కూడా లాక్కుంటుంది. చిల్లగింజ దారి వేరు. అందులో పనిచేసేవి ముఖ్యంగా గెలాక్టోమన్నన్ వంటి పొడుగాటి పాలీశాకరైడ్ గొలుసులు. 1976లో త్రిపాఠి, చౌధురి, బోకిల్ అనే మన దేశపు పరిశోధకులు చిల్లగింజ సారాన్ని పరీక్షించి, అది రుణావేశం గల పాలీఎలక్ట్రోలైట్, అంటే ఆవేశం మోసే పొడుగాటి గొలుసు అణువు, అని తేల్చారు. మట్టిదీ రుణావేశమే, గింజదీ రుణావేశమే అయినా పని జరుగుతోందంటే ఆ పొడుగాటి గొలుసులు రేణువుల మధ్య వంతెన వేయడం వల్ల. ఒకే కడవలో ఒకే పని చేసే రెండు గింజలు ఇంత వేర్వేరు దారుల్లో పోతాయన్నది నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చిల్ల చెట్టుకు ముష్టి చెట్టు దాయాది. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది, ప్రాణం తీస్తుంది. ముష్టి గింజ పైసా బిళ్లలా చదునుగా, పట్టులాంటి నూగుతో ఉంటుంది. చిల్లగింజ చిన్నది, బొత్తంలా గుండ్రంగా, లేత పసుపు రంగులో ఉంటుంది. గుర్తుపట్టడం తెలిసినవాళ్ల చేతి నుంచి తప్ప అడవి గింజ తీసుకోకూడదు.

మునగకు అలాంటి భయం లేదు. కాయ తింటాం, ఆకు తింటాం. ఈ గింజను శాస్త్రం దృష్టికి తెచ్చిన ఘనత చాలావరకు సమియా అల్ అజారియా జాన్‌ది. సూడాన్ పల్లెల్లో ఆడవాళ్లు నైలు నది బురద నీళ్లను మునగ గింజలతో తేర్చుకోవడం చూసి, దశాబ్దాల పాటు ఆమె దాని మీదే పనిచేశారు. ఒక మాట గమనించాలి. మునగ పుట్టిల్లు హిమాలయ పాదాలు. అది మన దేశం నుంచే లోకమంతా పాకింది. దాన్ని పులుసులో వేసుకున్న మనకు తెలియని సంగతి, నీళ్లు మోసిన సూడాన్ ఆడవాళ్లు కనిపెట్టారు. మన సంప్రదాయం చిల్లగింజదైతే, మునగ గింజ పరిజ్ఞానం వాళ్లది. 1990ల తొలి ఏళ్లలో ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు మలావీ దేశంలోని త్యోలో అనే ఊళ్లో ఏకంగా ఒక శుద్ధి కేంద్రాన్నే మునగ గింజతో నడిపి చూశారు. లోపలికి వచ్చే నీటి మడ్డి, కలకదనాన్ని కొలిచే ఎన్‌టీయూ లెక్కన, 270 నుంచి 380 దాకా ఉంటే, వడపోత అయ్యాక 4 లోపుకు దిగింది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో మడ్డి 1 ఎన్‌టీయూ దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 5 వరకు ఒప్పుకుంటారు. కాబట్టి తేర్చే శక్తి విషయంలో వాదన అవసరం లేదు.

ఇక మొదటి అభ్యంతరం, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది. గింజ వేసిన నీటిలో క్రిములు కూడా తగ్గుతాయి కదా, ఇంక క్లోరిన్ ఎందుకని చాలామంది అడుగుతారు. తగ్గే మాట నిజమే. బాక్టీరియా మట్టి రేణువులను అంటుకుని ఉంటాయి, మట్టి దిగితే వాటితో పాటు దిగుతాయి. 90 నుంచి 99 శాతం, ఒక్కోసారి అంతకు మించీ తగ్గినట్టు ప్రయోగాలు చెబుతున్నాయి. కానీ 99 శాతం అన్న అంకె వినడానికి ఎంత బాగుంటుందో, లెక్క వేస్తే అంత చాలదనిపిస్తుంది. 100 మిల్లీలీటర్ల వరద నీటిలో 10,000 ఈ-కోలై ఉంటే, 99 శాతం పోయాక 100 మిగులుతాయి. ప్రమాణం ఒక్కటి కూడా కనబడకూడదంటుంది. పైగా 1987లో మాడ్సెన్, ష్లుండ్ట్, ఒమెర్ అనే ముగ్గురు సూడాన్ నీళ్లతో చేసిన ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. మొదటి గంట రెండు గంటల్లో బాక్టీరియా బాగా తగ్గాయి. ఒక రోజు గడిచేసరికి కొన్ని జాతులు, సాల్మొనెల్లా, షిగెల్లా లాంటివి, మళ్లీ పెరిగాయి. చచ్చిపోయాయనుకున్నవి కొన్ని అడుగున బతికే ఉన్నాయన్న మాట. ఉదయం తేర్చిన నీళ్లు రాత్రికి తాగితే ఎంత ధీమాగా ఉండొచ్చో మీరే ఆలోచించండి. తేటదనం మనకు భద్రత కాదని చెప్పడానికి సూడాన్ దాకా పోనక్కరలేదు. హైదరాబాద్‌లోనే, ఈ మారేడ్‌పల్లికి దగ్గర్లో, భోలక్‌పూర్‌లో, 2009 మే నెలలో మురుగు కలిసిన నల్లా నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. మురుగు కొద్దిగా కలిస్తే నీటి రంగు మారకపోవచ్చు. కన్ను బురదను పట్టుకుంటుందే తప్ప కలరా క్రిమిని పట్టుకోలేదు. మా అమ్మమ్మలు చిల్లగింజ నీళ్లే తాగారు, బాగానే బతికారు అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. బతికినవాళ్ల గురించే మనకు చెప్పడానికి అమ్మమ్మలున్నారు. కలరా గత్తర వచ్చి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన కాలం కూడా అదే.

రెండో అభ్యంతరం రసాయనశాస్త్రం నుంచి వస్తుంది, సామాన్యంగా దీని ఊసు ఎవరూ ఎత్తరు. దాన్ని చెప్పడానికి వేదాంత గ్రంథాల్లోని ఒక ప్రసిద్ధమైన ఉపమానం పనికొస్తుంది. శంకరుల పేర ఉన్న ఆత్మబోధలో జ్ఞానాన్ని కతక చూర్ణంతో పోల్చారు. అజ్ఞానాన్ని పోగొట్టి జ్ఞానం కూడా తానుగా లయిస్తుంది, నీటి మడ్డిని దింపి కతక చూర్ణం కూడా మడ్డితో దిగిపోయినట్టు. వేదాంతానికి ఆ ఉపమానం ఎంత చక్కగా కుదిరినా, కడవలో జరిగేది పూర్తిగా అది కాదు. గింజలో పని చేసే భాగం చాలా తక్కువ. తక్కిన ప్రోటీన్లు, పిండి, నూనె కొంత నీటిలోనే కరిగి ఉండిపోతాయి. 1998లో కెనడాలోని షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయం నుంచి ఎన్‌డబిగెంగెసెరే, నరసయ్య ప్రచురించిన పనిలో, మునగతో తేర్చిన నీటిలో సేంద్రియ పదార్థం పెరిగినట్టు తేలింది. ఇది చిన్న సంగతి కాదు. ఆ పదార్థం బాక్టీరియాకు మేత అవుతుంది. నీళ్లు నిలవ ఉంటే రుచీ వాసనా మారతాయి. వేసిన క్లోరిన్‌లో కొంత దాన్ని కాల్చడానికే ఖర్చవుతుంది, ట్రైహాలోమీథేన్లు అనే అవాంఛిత పదార్థాలు పుట్టే వీలూ ఉంది. ఇంత తెలిసీ గింజను ఎలా సమర్థిస్తున్నావని అడగొచ్చు. సమాధానం ఏమిటంటే, ఇది మోతాదుతో, నిలవ కాలంతో, వడపోతతో అదుపులో ఉంచదగిన దోషం. ఎక్కువ వేస్తే ఎక్కువ తేరుతుందనుకుని గుప్పిళ్లతో వేయకూడదు. తేరిన నీళ్లను వెంటనే వంచుకోవాలి, వడకట్టాలి, ఆ రోజే వాడేయాలి. ఇంకా మంచి దారి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో స్టెఫనీ వెలెగోల్ బృందం చూపించింది. మునగ సారాన్ని ఇసుక మీద పోస్తే, ధనావేశం గల ప్రోటీన్ ఒక్కటే రుణావేశం గల ఇసుక రేణువును అంటుకుంటుంది. తక్కినదంతా కడిగేయొచ్చు. ఆ ఇసుకే వడపోత ఇసుకవుతుంది. 2012లో ప్రచురించిన ఈ పని ఎంత సులువుగా ఉందో చూస్తే, మన కళాశాలల్లో దీన్ని ఎందుకు ముందుకు తీసుకెళ్లకూడదు అనిపిస్తుంది.

పటికను దుర్మార్గిగా చూపించి గింజను గెలిపించడం నాకు ఇష్టం లేదు. అల్యూమినియం వల్ల మతిమరుపు జబ్బు వస్తుందని భయపెట్టే మాటలకు గట్టి రుజువు లేదు. ఐఎస్ 10500 నీటిలో అల్యూమినియాన్ని లీటరుకు 0.03 మిల్లీగ్రాములకు, తప్పనప్పుడు 0.2కు పరిమితం చేసింది. పీహెచ్ చూసుకుని, కొలిచి వేసే కేంద్రంలో ఆ హద్దు దాటకుండా నడపొచ్చు. చిక్కల్లా కొలవడం కుదరని చోట. పటిక నీటి క్షారత్వాన్ని తింటుంది, పీహెచ్ తగ్గుతుంది, మోతాదు తప్పితే అల్యూమినియం కరిగి ఉండిపోతుంది. మునగ పీహెచ్‌ను దాదాపు కదపదు. అడుగున దిగే మడ్డి పరిమాణం కూడా పటిక మడ్డిలో నాలుగో ఐదో వంతే ఉంటుందనీ, అది హాని చేయనిదనీ షెర్‌బ్రూక్ వాళ్ల 1995 పరిశోధన చెప్పింది. ఇంటి దగ్గర పటిక వాడించడం ఎంత కష్టమో మన నల్లగొండ అనుభవమే చెబుతుంది. నీటిలో ఎక్కువైన ఫ్లోరైడ్‌ను తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించి, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ప్రపంచమంతా పుస్తకాల్లోకి ఎక్కిన పేరది. కానీ రోజూ కొలిచి, కలిపి, దింపి, మడ్డి పారబోసే ఓపిక ఇంటింటా నిలవలేదు. చివరికి ఆ జిల్లాకు ఊరట ఇచ్చింది కృష్ణా నీళ్లే. గింజను ఇంటింటా రోజువారీ పనిగా పెడితే అదీ అలాగే నిలవదు. ఒక మాట స్పష్టంగా చెప్పాలి, గింజ ఫ్లోరైడ్‌కు మందు కాదు. నైట్రేట్‌కూ కాదు, ఉప్పదనానికీ కాదు. ఇలా కరిగి ఉన్నవాటి విషయంలో గింజను నమ్ముకోలేం.

మరి మారేడ్‌పల్లిలో కూర్చుని ఈ గింజల గురించి మాట్లాడుకోవడం వల్ల మన ఇంటి బిందెకు ఏం లాభం? నిజం చెప్పాలంటే చాలా తక్కువ. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరానికి ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో వచ్చాయి. 1965లో మంజీర, 2004లో కృష్ణా, 2015లో గోదావరి వచ్చి చేరాయి. నల్లాలో పడే నీరు దూరంగా ఉన్న శుద్ధి కేంద్రంలో ముందే తేరి, వడపోతకు పోయి, క్లోరిన్ కలిసి వస్తోంది. ఆ కేంద్రాలకు గింజ ఇవ్వాలంటే లెక్క చూడండి. రోజుకు 10 కోట్ల లీటర్లు తేర్చే ఒక్క కేంద్రానికి, లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున వేసినా రోజుకు 5 టన్నుల పప్పు కావాలి. ఏడాదికి 1,800 టన్నుల పైచిలుకు, అదీ పొట్టు ఒలిచిన పప్పు, పురుగు పట్టకుండా నిలవ చేసి. దాని వెంట వచ్చే సేంద్రియ పదార్థం లక్షల ఇళ్ల గొట్టాల్లోకి పోతుంది. కాబట్టి నగర జలమండలి పటిక మానేసి గింజకు మారాలని కోరడం బాధ్యత గల కోరిక కాదు. మారేడ్‌పల్లి నీటికి వచ్చే ముప్పు బురద కాదు. వదిలి వదిలి వచ్చే సరఫరాలో, పాత గొట్టం పక్కన మురుగు పారే చోట, లోపలికి పీల్చుకునే కాలుష్యం అది. దానికి మందు క్లోరిన్ ఉందో లేదో నల్లా దగ్గర చూసుకోవడం. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. అనుమానం వస్తే కాచి తాగడం.

గింజకు నిజమైన చోటు భద్రాచలం కింద ఉంది. 2022 జులైలో అక్కడ గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు దాటిన వరద తర్వాత అంత ఎత్తు అదే. అలాంటప్పుడు బోర్లు మునుగుతాయి, పంపులు ఆగుతాయి, కరెంటు పోతుంది, గొట్టాలు తెగుతాయి. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం ఎర్రటి బురద. ఇంటింటికీ నల్లా వచ్చాక, మిషన్ భగీరథ వచ్చాక, గింజ ఎందుకనే వాళ్లకు జవాబు ఆ వారం పది రోజులే. కొండ మీద గూడేల్లో అయితే వాన పడ్డ ప్రతిసారీ ఊట నీరు, వాగు నీరు కలకబారుతుంది. అలాంటి నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసి ఇచ్చేస్తే చాలదా? చాలదు. మడ్డి నీటిలో వేసిన క్లోరిన్‌లో ఎక్కువ భాగం మట్టితో వచ్చిన సేంద్రియ పదార్థం మీదే ఖర్చయిపోతుంది. మట్టి రేణువు చాటున దాక్కున్న బాక్టీరియాకు అది తగలదు. మడ్డి 5 ఎన్‌టీయూ లోపు ఉంటేనే, 1 లోపుకు దిగితే మరీ మంచిది, అరగంటలో క్లోరిన్ తన పని ముగిస్తుంది. కాబట్టి గింజ, క్లోరిన్ ఒకదానికొకటి పోటీ కాదు. గింజ ముందు నడిస్తేనే బిళ్లకు దారి దొరుకుతుంది. మునగ ఇచ్చే సేంద్రియ పదార్థం కొంత క్లోరిన్ తింటుందని ఇందాక చెప్పాను. అది ఎంతన్నది నీటిని బట్టి, మోతాదును బట్టి ఉంటుంది, కాబట్టి వడకట్టాలి, చివరికి మిగిలిన క్లోరిన్ ఎంతో తప్పకుండా పరీక్షించి చూసుకోవాలి.

పద్ధతి ఎంత చిన్నదో చెబుతాను. చెట్టునే ఎండి గోధుమరంగుకు తిరిగిన మునగ కాయలోని గింజలు కావాలి. కూరకు కోసే పచ్చికాయ గింజ పనిచేయదు. రెక్కలు, పొట్టు తీసేస్తే తెల్లటి పప్పు వస్తుంది, ఒక్కోటి సుమారు 200 మిల్లీగ్రాములు. రోట్లో మెత్తగా దంచి జల్లించి, కొద్ది నీళ్లలో కలిపి సీసాలో అయిదు నిమిషాలు గిలకొట్టి, గుడ్డతో వడకట్టి ఆ పాలను బిందెలో పోయాలి. నీరు కాస్త మసకగా ఉంటే నాలుగు లీటర్లకు ఒక గింజ, బాగా కలకగా ఉంటే రెండు లీటర్లకు ఒకటి, ఎర్రగా చిక్కగా ఉంటే లీటరుకు ఒకటి, మరీ బురదైతే రెండు. మొదట ఒకటి రెండు నిమిషాలు జోరుగా తిప్పి, తర్వాత పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పాలి. ఆ మెల్లగా తిప్పడంలోనే కంటికి కనబడే నూకల్లాంటి ముద్దలు కడతాయి. ఇక కదపకుండా గంట, రెండు గంటలు వదిలేయాలి. పైతేటను వేరే పాత్రలోకి వంచి, నాలుగు మడతల శుభ్రమైన గుడ్డలోంచో ఇసుక కుండలోంచో వడకట్టి, అప్పుడు క్లోరిన్ బిళ్ల వేసి, మూతపెట్టి అరగంట ఆగాలి. 500 మంది పిల్లలున్న ఆశ్రమ పాఠశాలకు తలకు 2 లీటర్ల చొప్పున రోజుకు 1,000 లీటర్లు కావాలి. లీటరుకు 100 మిల్లీగ్రాములైతే 100 గ్రాముల పప్పు, అంటే సుమారు 500 గింజలు. బడి ఆవరణలోని పది పన్నెండు మునగ చెట్లు ఒక వరద వారానికి సరిపడా గింజ ఇవ్వగలవు. నూనె తీసిన తర్వాత మిగిలే చెక్కలోనూ తేర్చే గుణం పోదు కాబట్టి, నూనె గానుగ ఉన్న ఊళ్లో గింజ ఖర్చు కూడా పడదు.

ఇంత చెప్పాక చిల్లగింజను వదిలేయాలా? నాకలా అనిపించదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి అడవి ఉత్పత్తులు కొంటోంది. తపసి జిగురు, కరక్కాయ, కుంకుడు, ముష్టి గింజల పక్కన చిల్లగింజలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఏరేది ఆదివాసులు, వాడకం తెలిసింది వాళ్లకే, ధర నిర్ణయించేది మాత్రం వాళ్లు కాదు. అడవిలో మెల్లగా పెరిగే ఆ చెట్టు మీద పెద్ద గిరాకీ మోపితే చెట్టే మిగలదు. కాబట్టి వరద అవసరానికి ఏడాదిలో కాపుకొచ్చే మునగను నాటుకుందాం. చిల్లగింజను ఆదివాసుల హక్కుగా, వాళ్ల ఊట నీళ్ల అవసరానికి, వాళ్ల చేతుల్లోనే ఉంచుదాం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మన నీళ్లతోనే పరీక్షించాల్సింది ఇంకా చాలా ఉంది. పడమటి మారేడ్‌పల్లిలోని కస్తూర్బా గాంధీ మహిళా కళాశాల లాంటి చోట్ల రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం రెండు ప్రయోగశాలలూ ఒకే కప్పు కింద ఉంటాయి. మోతాదు తేల్చే జార్ టెస్ట్‌కు ఆరు బీకర్లు, ఒక స్టిర్రర్ చాలు. మడ్డి ఎంత తగ్గిందో ఒక్కటే కొలిచి ప్రాజెక్టు ముగించే అలవాటు మానుకోవాలి. మడ్డితో పాటు తేర్చిన వెంటనే, 6 గంటలకు, 24 గంటలకు బాక్టీరియా లెక్క చూడాలి. అదే నీటికి ఎంత క్లోరిన్ పడుతోందో, అరగంట తర్వాత ఎంత మిగులుతోందో రాయాలి. పొడిని నిలవ ఉంచితే ఎన్ని నెలలకు శక్తి పోతుందో, పొట్టుతో ఉంచిన గింజ ఎంతకాలం ఆగుతుందో చూడాలి. వేసవిలో ఎండిన కాయ కోసి, పొట్టు ఒలవకుండా మూత గట్టి డబ్బాలో పెడితే జులై దాకా ఉంటుందా అన్నదే ఏజెన్సీ పాఠశాలకు కావాల్సిన అసలు జవాబు. అది ఈ ఏడాది మే నెల కాయలతోనే మొదలుపెట్టొచ్చు.